ఇంగ్లీషు చిన్న మాటలు – 6వ పాఠం: సెట్

ముందు నా పరువు పోయిన ముచ్చట చెప్తా. మాదాపూర్‌లో ఒక ఆఫీసులో ఇంటర్వ్యూ. ఈ ఉద్యోగమే ఎందుకు అని అడిగితే, టెన్షన్‌లో 'దిస్ జాబ్ విల్ సెట్ ఫర్ మీ' అనేశాను. ఎదురుగా ఉన్నాయన ఒక్క నిమిషం ఆగి, 'సూర్యుడిలాగానా?' అన్నాడు.

మనకు సెట్ అంటే కుదరడం. చొక్కా సెట్ కాలేదు, రూమ్మేట్‌తో సెట్ కాలేదు, సంబంధం సెట్టయింది అంటాం కదా, అది మన హైదరాబాదీ సెట్. ఇంగ్లీషులో ఆ చోట ఫిట్, సూట్ లాంటివి వాడాలి. తెలుగులో మాట్లాడేటప్పుడు మాత్రం హాయిగా వాడుకోండి, తప్పేం లేదు.

ఇక అసలు పని. డిక్షనరీ తెరిచి దీని అర్థాలు బట్టీ పట్టాలని చూడకండి; ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 కూర్పులో అన్నిటికన్నా పొడుగైన పద్దు దీనిదే. వేరు పట్టుకుంటే చాలు. మనకు ఆగు–ఆపు, మారు–మార్చు ఉన్నట్టే పాత ఇంగ్లీషులోనూ జంటలు ఉండేవి. ఫాల్ అంటే పడటం, ఫెల్ అంటే చెట్టును పడగొట్టడం. అలాగే సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం. ఇప్పుడు ఈ ఒక్క 'కూర్చోబెట్టు'ని అన్నిచోట్లా పెట్టి చూడండి. అలారం సెట్ చేస్తే ముల్లును ఆరు మీద కూర్చోబెట్టినట్టు, డాక్టర్ ఎముక సెట్ చేస్తే జరిగినదాన్ని దాని చోట్లో కూర్చోబెట్టినట్టు. కొన్నిసార్లు తనంతట తనే కూర్చుంటుంది కూడా: సిమెంటు సెట్ అవుతుంది, సూర్యుడు సెట్ అవుతాడు.

మరి 'ఒక సెట్ గాజులు' సంగతేంటి? అక్కడే మెలిక. సెట్‌కి ఇంకో తల్లి ఉంది, లాటిన్ 'సెక్టా'. వెంట నడవడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో చేరింది. ఒకరి వెంట నడిచే గుంపు అన్నమాట. పోనుపోను ఈ రెండూ ఇంగ్లీషులో కలగలిసిపోయాయి. చార్మినార్ దగ్గర ముత్యాల దుకాణానికి వెళ్తే రెండూ ఒకే బల్ల మీద దొరుకుతాయి: బంగారంలో కెంపును పొదిగితే మొదటి సెట్, హారమూ దుద్దులూ కలిపి ఇస్తే రెండో సెట్.

నాకు బాగా నచ్చిన విషయం, ఈ రెండు వేర్లకూ సంస్కృతంలో చుట్టాలున్నారు. కూర్చోవడానికి 'సద్' ధాతువు, దాన్నుంచే సదస్సు, పరిషత్తు, ఉపనిషత్తు. వెంట ఉండటానికి 'సచ్' ధాతువు, దాన్నుంచి సచివుడు, అంటే రాజు వెంట ఉండేవాడు. కాబట్టి తిలక్ రోడ్డులో సారస్వత పరిషత్తు ముందు నుంచి హుస్సేన్‌సాగర్ పక్కన సచివాలయం దాకా వెళ్తే, సెట్ పుట్టిల్లు ఒకటి చూసి రెండోదానికి పోయినట్టే.

ఎంసెట్, ఐసెట్‌లను ఇందులోకి లాగకండి. అవి పరీక్ష పేరులోని పొడి అక్షరాలు, వాటికి వేరూ లేదు, చుట్టమూ లేదు.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. పేపర్లో హైకోర్టు ఒక ఉత్తర్వును 'సెట్ అసైడ్' చేసిందని చదివితే పక్కన పెట్టి తర్వాత చూస్తారేమో అనుకుంటాం. కాదు, కొట్టేసింది అని. అదే జీతంలో కొంత సెట్ అసైడ్ చేశానంటే దాచుకున్నానని!

హోంవర్క్: సెట్ దోసె, టీవీ సెట్, సన్‌సెట్, సెట్ పెరుగు. ఏది ఏ తల్లి బిడ్డో రాయండి. టీవీ దగ్గర కాస్త తికమక పడతారు, పడండి. వచ్చే పాఠం 'రన్', ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దాని క్రియకే 645 అర్థాలు లెక్కపెట్టారు, కాబట్టి నీళ్లు పక్కన పెట్టుకుని కూర్చోండి.