డాప్లర్ స్కాన్‌కి వెళ్తున్నారా? ముందు చీటీ చదవండి

మన భాషలో ఒక చిక్కుంది. కాలు తిమ్మిరెక్కినా నరమే, పిక్క మీద నీలంగా ఉబ్బి మెలికలు తిరిగినా నరమే, సూది వేయబోయే నర్సుకి దొరకనిదీ నరమే. అందుకే వెరికోస్ వెయిన్స్ ఉన్నవాళ్లు కొందరు నేరుగా నరాల డాక్టర్ దగ్గర టోకెన్ తీసుకుని, సగం రోజు కూర్చుని వెనక్కి వస్తుంటారు. ఉబ్బేవి నరాలు కావు, సిరలు. అవి రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకెళ్తాయి, గుండె నుంచి తెచ్చేవి ధమనులు. ఈ రెండింటినీ చూసేది వాస్క్యులర్ సర్జన్. ఆయన దాదాపు మొదటే రాసే పరీక్ష డాప్లర్, అంటే చెవికి వినపడని ధ్వని తరంగాలతో నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్.

ఆ డాప్లర్ కూడా ఒక్కటి కాదు. ఏది రాశారో తెలుసుకోకుండా వెళ్లడంతోనే సగం ఇబ్బందులు మొదలవుతాయి.

1. చీటీ చదవండి

‘వీనస్’ అంటే సిరలు, ‘ఆర్టీరియల్’ అంటే ధమనులు, ‘కెరోటిడ్’ అంటే మెడలోంచి మెదడుకి వెళ్లే ధమనులు, ‘రీనల్’ అంటే కిడ్నీవి. ‘యూనిలేటరల్’ అంటే ఒక పక్క, ‘బైలేటరల్’ అంటే రెండు పక్కలా. రేటు కూడా దీన్నిబట్టే మారుతుంది కాబట్టి ఫోన్ చేసినప్పుడే చీటీలో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించండి. ఎందుకు చేయిస్తున్నారో కూడా చీటీలో ఉండాలి. లేకపోతే డాక్టర్‌నే అడిగి రాయించుకోండి. రక్తం గడ్డకట్టిందేమో అని చూసే తీరు వేరు, వెరికోస్ కోసం చూసే తీరు వేరు.

ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క బిగదీసి నొప్పి పెడుతుంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడొద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. లోతు సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, డాక్టర్లు దాన్నే డీవీటీ అంటారు. ఈమధ్యే ఆపరేషనో కాన్పో అయినవాళ్లు, వారాల తరబడి మంచం పట్టినవాళ్లు, పిల్లల్ని చూడటానికి అమెరికా విమానంలో గంటల కొద్దీ కూర్చుని వచ్చినవాళ్లు దీన్ని ఇంకా గట్టిగా అనుమానించాలి. నూనె పెట్టి మర్దన చేయించడం మన ఇళ్లలో మొదటి వైద్యం కదా, ఇక్కడ ఆ పని చేయకండి. గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. ఆయాసం, ఛాతీలో పోటు, దగ్గితే రక్తం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి.

2. పరగడుపు అందరికీ కాదు

మా మేనత్తకి కాలి స్కాన్ రాశారు. షుగర్ మనిషి. స్కానింగ్ అంటే పరగడుపే అనుకుని మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా మధ్యాహ్నం దాకా కూర్చుంది. చెమటలు పట్టి కళ్లు తిరిగాక గానీ ఎవరూ చెప్పలేదు, కాలి డాప్లర్‌కి ఇడ్లీ తినేసి రావచ్చని! కాళ్లకీ చేతులకీ మెడకీ ఉపవాసం అక్కర్లేదు. కిడ్నీ ధమనులు, పొట్టలోని పెద్ద ధమని చూసేటప్పుడు పేగుల్లోని గ్యాస్ అడ్డొస్తుంది కాబట్టి వాటికి ఆరు నుంచి ఎనిమిది గంటలు తినొద్దంటారు. ఆ రోజు షుగర్ మందు సంగతి ముందే డాక్టర్‌ని అడగండి. బీపీ మాత్రలు, రక్తం పలచబరిచే మాత్రలు ఈ పరీక్ష కోసం మీ అంతట మీరు ఆపకండి. ధమనుల పరీక్షకైతే రెండు గంటల ముందు నుంచి సిగరెట్టు, కాఫీ మానండి. పొగాకు రక్తనాళాల్ని బిగిస్తుంది.

3. వదులు బట్టలు

కాలి స్కాన్ గజ్జ దాకా చేస్తారు. లుంగీ, లంగా, వదులు నైటీ ఏదైనా సరే, బిగుతు లెగ్గింగ్స్ వద్దు. పట్టీలు, బిగుతు సాక్సు తీసేయండి. ఆడవాళ్లు మహిళా డాక్టర్ కావాలనో, తోడు మనిషి గదిలో ఉండాలనో అడగొచ్చు, మొహమాటం అక్కర్లేదు. పుండు ఉంటే ముందే చెప్పండి. పాత రిపోర్టులు తీసుకెళ్లండి.

4. బల్ల మీద

సూది లేదు, రేడియేషన్ లేదు. గర్భిణులకీ చేస్తారు. చల్లటి జెల్లు రాసి, చేత్తో పట్టుకుని చర్మం మీద ఆనించే పరికరాన్ని (ప్రోబ్) జరుపుతూ పోతారు. అరగంట నుంచి గంట పట్టొచ్చు. గడ్డ కోసమైతే రెండు మూడు సెంటీమీటర్లకోసారి ప్రోబ్‌తో అదుముతారు. మంచి సిర అదిమితే నొక్కుకుపోతుంది, గడ్డ ఉన్నది నొక్కుకోదు. పరీక్ష అంతా ఆ చిన్న సూత్రం మీదే నడుస్తుంది. వాచిన చోట కాస్త నొప్పిగా ఉంటుంది, ఓర్చుకోలేకపోతే చెప్పండి.

వెరికోస్ కోసమైతే నిలబెట్టి చూడాలి. పిక్కని పిండి వదిలితే, పైకి వెళ్లిన రక్తం కిందికి జారుతుందా అని చూస్తారు. పైపై సిరల్లో అర సెకను మించి జారితే, రక్తం వెనక్కి రాకుండా ఆపే కవాటాలు పాడైనట్టు లెక్క. పడుకోబెట్టి మాత్రమే చూసి ‘అంతా బాగుంది’ అంటే, నిలబెట్టి చూడరా అని మర్యాదగా అడగండి.

తెర మీద ఎరుపూ నీలమూ చూసి మంచి రక్తం, చెడు రక్తం అనుకోకండి. ఆ రంగులు రక్తం ప్రోబ్ వైపు వస్తోందా, దూరంగా పోతోందా అన్నది చెబుతాయి. దగ్గరికొచ్చే రైలు కూత ఒకలా, దాటిపోయాక ఇంకోలా వినిపిస్తుందే, అదే సూత్రం. 1842లో డాప్లర్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త నక్షత్రాల రంగుల గురించి ఆలోచిస్తూ చెప్పిన మాట ఇప్పుడు మన పిక్కల దాకా వచ్చింది.

ధమనుల పరీక్షలో చీలమండ దగ్గర కూడా బీపీ చూడొచ్చు. చేతి బీపీ 140, చీలమండది 98 అయితే, చీలమండ అంకెని చేతి అంకెతో భాగిస్తే 0.7. ఇది 0.9 లేదా అంతకంటే తక్కువుంటే కాలికి రక్తం సరిగా అందడం లేదన్నమాట. ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లలో నాళాలు గట్టిపడి ఈ అంకె 1.4 దాటొచ్చు. ఎక్కువుంది కాబట్టి మంచిదే అనుకుంటే పొరపాటు.

5. రిపోర్టు చేతికొచ్చాక

ఒక్క మాట దగ్గర జాగ్రత్త. ‘సూపర్‌ఫీషియల్ ఫెమోరల్ వెయిన్’లో గడ్డ అని రాసి ఉంటే, ‘సూపర్‌ఫీషియల్’ అంటే పైపైది కదా అని ఊరుకోకండి. పేరు అలా ఉన్నా అది తొడలోని లోతు సిరే. ఈ తికమక వల్లే ఇప్పుడు దాన్ని ఒట్టి ‘ఫెమోరల్ వెయిన్’ అని రాయమంటున్నారు. ఆ గడ్డకి వైద్యం వెంటనే మొదలవ్వాలి.

గడ్డ లేదని వచ్చినా వాపూ నొప్పీ తగ్గకపోతే, వారం లోపు మళ్లీ స్కాన్ చేయాలేమో డాక్టర్‌ని అడగండి. పిక్కలోని చిన్న గడ్డలు మొదటిసారి దొరక్కపోవచ్చు, ఆ తర్వాత పైకి పాకొచ్చు. అప్పుడూ సిరలు శుభ్రంగా ఉంటే గుండె, కిడ్నీల వైపు, మన దగ్గరైతే బోదకాలు వైపు కూడా చూస్తారు. దాని రక్తపరీక్షకి రాత్రిపూట రమ్మంటే ఆశ్చర్యపోకండి, బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు రక్తంలో తిరిగేది ఎక్కువగా రాత్రి వేళే.