ఫోన్ వైబ్రేషన్‌తో అలిపిరి మెట్ల కథ చెప్పడం ఎలా?

మా అవ్వతో అలిపిరి మెట్లెక్కిన కథను మా అక్క కూతురికి అరచేతిలో తెలిసేలా చెప్పాలనిపించింది. దానికి ఆండ్రాయిడ్ ఫోన్, ఎంఐటీ యాప్ ఇన్వెంటర్ చాలు. అది ఉచితం, బ్రౌజర్‌లోనే బ్లాకులు పేర్చి యాప్ చేసుకోవచ్చు.

ముందు కథను కుదించండి. తిరుమలకు సుమారు 3,550 మెట్లు, అన్నీ ఎక్కించక్కర్లేదు! నేను మూడే తీసుకున్నా: గాలిగోపురం దాకా అడుగులు, మోకాళ్ల మెట్టు దగ్గర గుండె దడ, కొండ మీద వాన.

తర్వాత ఒక్కోదానికీ లెక్క రాసుకోండి. లెక్కంతా మిల్లీసెకన్లలో, వెయ్యి అంటే ఒక సెకను. అడుగుకు 80 అదురు (వైబ్రేషన్), 600 ఖాళీ. అవ్వ అలిసేకొద్దీ ఖాళీని 900కి, 1,200కి పెంచండి. గుండెకు 60 అదురు, 120 ఖాళీ, 100 అదురు, 500 ఖాళీ. వాన చినుకులు 40 చొప్పున, ఖాళీలు మాత్రం ఎగుడుదిగుడుగా ఉండాలి. సమానంగా పెడితే వానలా ఉండదు, గడియారంలా ఉంటుంది. పాత ఫోన్లలో బరువు తిరిగే మోటారు వేగం అందుకోవడానికి కాస్త టైం పడుతుంది, చిన్న అదురు చేతికి తెలియదు. వాటిలో రెట్టింపు చేయండి.

యాప్‌లో సౌండ్ విభాగంలోని వైబ్రేట్ బ్లాకు వాడండి. నేను బోల్తా పడింది ఇక్కడే. అదురు అయిపోయేదాకా ఆ బ్లాకు ఎదురుచూడదు, వెంటనే తర్వాతి బ్లాకు మొదలైపోతుంది. అందుకే క్లాక్ టైమర్‌లో (తర్వాతి అదురు ఎంతసేపటికి మొదలవ్వాలో చెప్పేది) అదురు, ఖాళీ రెండూ కలిపి పెట్టాలి: అడుగుకు 680.

ఫోన్‌ను బల్ల మీద పెట్టి చూడొద్దు, అక్కడ వినిపించేది మోత. అరచేతిలో పెట్టి, కళ్లు మూసుకుని చూడండి. బ్యాటరీ సేవర్ తీసేయండి. నోటిఫికేషన్లు కూడా ఆపండి, గుండె దడ మధ్యలో వాట్సాప్ దూరితే కథ పోయినట్టే.

మొదటిసారి నేను ప్రతి వాక్యానికీ అదురు పెట్టాను. పాప ఫోన్ నా చేతికిచ్చేసి, "పిన్నమ్మా, ఫోన్ వస్తా ఉండాది, ఎత్తు" అంది. సగానికి పైగా తీసేశాను. అవ్వ మోకాళ్ల మెట్టు దగ్గర కూలబడిన చోట మూడు సెకన్లు ఏమీ పెట్టలేదు.

ఈసారి పాప ఫోన్‌ను గట్టిగా పట్టుకుంది. "అవ్వ లేసిందా?" అని గుసగుసగా అడిగింది.