వ్యాసం సమీక్షకు వెళ్లకుండానే వెనక్కొచ్చిందా?

లక్షణం: బెంగళూరు తెలుగు అడ్డా కూలీలపై రాసిన వ్యాసాన్ని హ్యూమనిస్ట్ సోషియాలజీ (మానవతావాద సమాజశాస్త్రం) జర్నల్‌కు పంపారు. సమీక్షకుల మాట ఒక్కటీ లేకుండా, రచయిత ఆనవాళ్లు తీసేసి మళ్లీ పంపమంటూ కొద్ది రోజుల్లోనే తిరిగొచ్చింది.

ముందు ఆ మెయిల్ చివరిదాకా చదవండి. ఇది తిరస్కరణ కాదు. కంగారుపడి ఇంకో జర్నల్‌కు పంపితే ఒకే వ్యాసం రెండు చోట్ల నడుస్తున్నట్టవుతుంది, అది అసలు తప్పు.

తర్వాత మామూలు తనిఖీ. పేరు, సంస్థ, కృతజ్ఞతలు విడి టైటిల్ పేజీ ఫైల్లోనే ఉండాలి. వర్డ్‌లో ఫైల్, ఇన్ఫో, చెక్ ఫర్ ఇష్యూస్, ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ నొక్కి వ్యక్తిగత వివరాలు తీసేయండి. ఫైలు పేరులో మీ పేరు ఉంచకండి. అప్‌లోడ్ అయ్యాక సైటు తయారుచేసే పీడీఎఫ్‌ను మొదటి పేజీ నుంచి చదవండి. దయచేసి ఈ పని వదిలేయకండి, సగం తప్పులు అక్కడే కనబడతాయి.

ఇవన్నీ చేసినా తిరిగొస్తే కారణం దాదాపుగా స్వీయ వివరణే. 1976లో మొదలైన అసోసియేషన్ ఫర్ హ్యూమనిస్ట్ సోషియాలజీ వారి జర్నల్ 'హ్యుమానిటీ అండ్ సొసైటీ'లో వ్యాసంతో పాటు రచయిత తన విలువలు, తన నేపథ్యం గురించి చిన్న వివరణ రాయాలి. సమీక్షేమో రచయిత ఎవరో తెలియకుండా జరగాలి. ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ ఫైలు వెనకున్న వివరాలను తుడుస్తుంది గానీ, మీరు చేత్తో రాసిన వాక్యాల జోలికి రాదు. 'నాగరభావిలోని మా సంస్థలో' అంటే బెంగళూరు సోషియాలజీ తెలిసినవాళ్లకు ఐసెక్ (ఇన్‌స్టిట్యూట్ ఫర్ సోషల్ అండ్ ఎకనామిక్ చేంజ్) అని చెప్పేసినట్టే. చెన్నైలో 'అడయారులోని మా సంస్థ' అన్నా అంతే. థీసిస్ శీర్షిక ఉన్నదున్నట్టు పెడితే, దేశంలోని థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ సైటులో వెతికినవాళ్లకు మీ పేరు, మీ గైడ్ పేరు ఒకేసారి దొరుకుతాయి.

అలాగని వివరణ మొత్తం తీసేయకండి, అది లేదని మళ్లీ వెనక్కి పంపుతారు. 'సామాజిక న్యాయంపై నిబద్ధత ఉంది' అని ఒక్క ముక్కతో సరిపెట్టినా సమీక్షకుడికి ఏమీ అందదు. సంస్థ, అది ఉన్న ప్రాంతం, గైడ్, ప్రాజెక్టు నంబరు, మీకు పదవి ఉన్న యూనియన్ పేరు తీసేయండి. భాష, కులం, వర్గం, కూలీలతో మీ సంబంధం ఉంచండి. ఉదాహరణకు: 'నేను రాయలసీమ మేస్త్రీ కుటుంబం నుంచి వచ్చాను. ఆ యాస వల్ల ఆడకూలీలు కూలి ఎగవేతల గురించి నాతో మాట్లాడారు. కాంట్రాక్టర్లు మాత్రం నన్ను దగ్గరికి రానివ్వలేదు.' మనిషి ఎవరో తెలియదు, చూపు ఎక్కణ్నుంచో తెలుస్తుంది. ఏమీ తీసేయని అసలు వివరణను టైటిల్ పేజీ ఫైల్లో దాచి, అంగీకారం వచ్చాక తిరిగి చేర్చండి. పంపేముందు వేరే విభాగం మిత్రులకు ఈ వివరణ ఒక్కటే ఇచ్చి, నెట్‌లో ఐదు నిమిషాల్లో మిమ్మల్ని పట్టుకోగలరేమో చూడమనండి.

'నా 2021 వ్యాసంలో చూపినట్టు' అన్న వాక్యాలను ఇంకొకరి పని గురించి చెబుతున్నట్టు మార్చండి. ఆ ప్రస్తావన తొలగించనక్కర్లేదు.

అరుదుగా యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఇంటర్వ్యూ మాటలు పీడీఎఫ్‌లో పిచ్చి అక్షరాలవుతాయి, యూనికోడ్‌లోకి మార్చండి. కాపీ తనిఖీలో మీ సొంత థీసిస్‌తో పోలిక ఎక్కువొస్తే ఎడిటర్‌కు రాసే లేఖలో ముందే చెప్పండి.