మూత బిగించే యంత్రంలో టార్క్‌ను సరిచేయడం

బిగింపును పరిమితం చేసే క్లచ్‌ను తాకడానికి ముందు ఎంత టార్క్ (సీసా మూతను తిప్పి బిగించే బలం) కావాలో నిర్ణయించుకోవాలి. మూత వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలిచి సగం చేస్తే అంగుళం-పౌండ్లలో ఒక ఉజ్జాయింపు అంకె వస్తుంది. అంటే 28 మిల్లీమీటర్ల మూతకు సుమారు 14 అంగుళం-పౌండ్లు, అనగా దాదాపు 1.6 న్యూటన్ మీటర్లు. ఇది ఆరంభానికి మాత్రమే. మూత తయారీదారు ఇచ్చిన పరిమితులే ప్రమాణం.

అయస్కాంత క్లచ్ ఉన్న యంత్రాన్ని పూర్తిగా ఆపి, విద్యుత్తు తీసేసిన తరువాత, సర్దుబాటు రింగును తిప్పి అయస్కాంతాల మధ్య ఖాళీని తగ్గిస్తే టార్క్ పెరుగుతుంది, పెంచితే తగ్గుతుంది. ఒకేసారి ఎక్కువగా తిప్పకుండా ఒక్కొక్క గీత చొప్పున జరిపి, ప్రతిసారీ కొన్ని సీసాలను ఉత్పత్తి వేగంలోనే నడిపి, టార్క్ మీటరుపై మూత విప్పడానికి పట్టే బలాన్ని చూడాలి. మూత లోపలి లైనరు (సీసా అంచుకు ఆనే పొర), మూత ప్లాస్టిక్ కొంత సడలుతాయి కాబట్టి విప్పే టార్క్ సాధారణంగా బిగించిన దానికంటే తక్కువగానే ఉంటుంది. అందుకే బిగించాక ప్రతిసారీ ఒకే వ్యవధి ఆగి కొలవకపోతే అంకెలను పోల్చడం వృథా. అనేక హెడ్లు (మూతలు బిగించే భాగాలు) ఉన్న యంత్రంలో ఏ సీసాను ఏ హెడ్ బిగించిందో గుర్తించి, విడివిడిగా నమోదు చేయాలి.

కొలతలు నిలకడగా లేకపోతే టార్క్ పెంచాలనే తొందర తగదు. చాలాసార్లు అసలు దోషం అరిగి జారుతున్న చక్ (మూతను పట్టి తిప్పే భాగం)లోనో, తడిసిన సీసా మరలలోనో, సీసా తిరగకుండా పట్టుకోలేని బెల్టులోనో ఉంటుంది.