ఏఎన్‌ఎం కోర్సులో ఉండగానే ఇంటింటికీ తిరగడం నేర్చుకోండి

ఏఎన్‌ఎం, అంటే ఊళ్లో ఇంటింటికీ తిరిగే నర్సమ్మ (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్), ట్రైనింగ్‌కు వెళ్దామనుకునే అమ్మాయిలు నన్ను మొదట అడిగేది సూది గురించే. "మేడమ్, చెయ్యి వణకదా?" అంటారు. వణుకుతుంది. బొమ్మ మీద చేసి, మనిషి మీద చేసి, ఒకటి రెండు నెలల్లో అందరికీ కుదురుతుంది. అంత తొందరగా రానిది ఇంకోటుంది. ముక్కూమొహం తెలియని ఇంటికి పోవాలి. ఆ ఇంటి కోడలికి ఎన్నో నెలో, ఇచ్చిన మాత్రలు మింగుతోందో చూరులో దోపుతోందో కనుక్కోవాలి. ఎవరికీ కోపం తెప్పించకుండా బయటికి రావాలి. మళ్లీ వారం పోతే "రా బిడ్డా, కూసో" అనిపించుకోవాలి. దీనికి సిలబస్‌లో గంటలైతే ఉన్నాయి గానీ చాలా స్కూళ్లలో రికార్డు బుక్కు నింపడంతోనే అవి అయిపోతాయి. ఖమ్మం వైపు సబ్‌సెంటర్లలో (పీహెచ్‌సీ కింద ఊళ్లలో ఉండే చిన్న ఆరోగ్య కేంద్రాల్లో) పనిచేసి, ఇప్పుడు సూపర్‌వైజర్‌గా కొత్త పిల్లల్ని వెంటబెట్టుకొని తిరుగుతున్నాను. వాళ్లకు దారిలో చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

చేరే ముందు

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రకారం ఏఎన్‌ఎం కోర్సు రెండేళ్లు. ఇంటర్ పాసై, 17 ఏళ్లు నిండి, 35 దాటని అమ్మాయిలు చేరొచ్చు. బైపీసీయే చదవాలని లేదు. సీఈసీ, హెచ్‌ఈసీ నుంచి వచ్చినవాళ్లు మొదటి రెండు నెలలు మనిషి శరీరం పాఠాల దగ్గర కాస్త తడబడతారు, అంతే. మొదటి ఏడాది కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్, హెల్త్ ప్రమోషన్, ప్రైమరీ హెల్త్ కేర్, చైల్డ్ హెల్త్ ఉంటాయి. రెండో ఏడాది మొదటి సగం మిడ్‌వైఫరీ (కాన్పుల చదువు), హెల్త్ సెంటర్ మేనేజ్‌మెంట్. చివరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్.

పదో తరగతి అవగానే ఇంటర్ ఒకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ (మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు) తీసుకునే దారి కూడా మన దగ్గర ఉంది. అటు పోయేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ రెండేళ్లు పాసైతే సరిపోదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది అప్రెంటిస్‌షిప్ చేసి, నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ చేయించుకుంటేనే ఉద్యోగానికి అప్లై చేయగలరు. పెళ్లనో ఇంకోటనో ఆ ఏడాది వదిలేసి, నోటిఫికేషన్ పడ్డాక ఏడ్చుకుంటూ వచ్చే పిల్లల్ని చూస్తూనే ఉన్నాం.

ప్రైవేటు స్కూల్లో చేరుతుంటే బిల్డింగు, బస్సు చూసి మోసపోకండి. అడగాల్సినవి వేరే. ఈ ఏడాదికి కౌన్సిల్ గుర్తింపు ఉందా? కాన్పులు ఏ ఆసుపత్రిలో చూపిస్తారు, అక్కడ రోజుకు ఎన్ని కాన్పులు అవుతాయి? ఫీల్డుకు ఏ పీహెచ్‌సీకి పంపిస్తారు? ఆఫీసులో అన్నింటికీ తల ఊపుతారు. అదే ప్రశ్న హాస్టల్లో సీనియర్ అమ్మాయిని అడగండి. "లేబర్ రూమ్‌లో గోడకు ఆనుకొని చూడటమే అక్కా, చెయ్యి పెట్టనివ్వరు" అని ఆమె అంటే ఇంకో స్కూలు వెతుక్కోండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి.

ఉద్యోగం వచ్చాక ఆర్డరు మీద ఏఎన్‌ఎం అని ఉండదు, ఎంపీహెచ్‌ఏ ఫీమేల్ అని ఉంటుంది, అంటే బహుళార్థ ఆరోగ్య కార్యకర్త. మలేరియాకు ఒకరు, మశూచి టీకాలకు ఒకరు, ఇలా ఒక్కో రోగానికి ఒక్కో మనిషి తిరిగే పద్ధతి మార్చాలని 1973లో కర్తార్ సింగ్ కమిటీ చెప్పింది. ఇంటికి పోయే వర్కర్ అన్నీ చూడాలంది. అందుకే గర్భిణులు, పిల్లలే మన పని అనుకుంటే కుదరదు. ఆ ఇంట్లో 30 దాటిన ప్రతివాళ్ల బీపీ, షుగర్ మనమే చూడాలి. తాతకు రెండు వారాలుగా దగ్గు ఉంటే తెమడ డబ్బా ఇవ్వాల్సిందీ మనమే.

ఇంటికి ఎలా పోవాలి

మైదాన ప్రాంతంలో సబ్‌సెంటర్‌కు 5,000 జనాభా, కొండల్లో, ఏజెన్సీలో 3,000 అని లెక్క. ట్రైనింగ్‌లో మీకు అందులో కొన్ని కుటుంబాలే ఇస్తారు. మెయిన్ రోడ్డు పక్కన, పీహెచ్‌సీకి దగ్గర్లో, కుర్చీ వేసి టీ ఇచ్చే ఇళ్లు అందరూ ఎంచుకుంటారు. మీరు మాత్రం తొలిచూలు కోడలున్న ఇల్లు ఒకటి, మంచాన పడ్డ ముసలివాళ్లున్న ఇల్లు ఒకటి, ఊరి చివర గుడిసె ఒకటి అడిగి తీసుకోండి. మిర్చి కోతల కాలమైతే ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర నుంచి వచ్చి చేలల్లో గుడారాలు వేసుకున్న కూలీల దగ్గరికీ ఒకసారి పొండి. వాళ్ల పిల్లలు ఏ ఊరి లిస్టులోనూ ఉండరు.

వేళ ముఖ్యం. పత్తి తీసే రోజుల్లో పది గంటలకు పోతే తాళం కనిపిస్తుంది. పొద్దున ఏడు లోపో, దీపాలు పెట్టాకో పోవాలి. స్కూల్ వ్యాను ఆ టైముకు రాదంటారు. పీహెచ్‌సీ ఊళ్లో రాత్రి బస ఉండే పోస్టింగ్ వారాల్లో ఈ పని చేసుకోండి.

చెప్పులు బయట విప్పండి. కోడలి కోసం పోయినా ముందు అత్తతోనే మాట్లాడండి. "అత్తమ్మా, మోకాళ్ల నొప్పి ఎట్లున్నది?" అని ఆమె బీపీ ముందు చూస్తే, కోడలి దగ్గరికి ఆమే తీసుకుపోతుంది. ఫారం తీసి "పేరు, వయసు, ఎంతమంది పిల్లలు" అని మొదలుపెట్టారా, రేషన్ కార్డు తీసేయడానికి సర్వే వచ్చిందనుకొని సగం అబద్ధాలు చెప్తారు. కాసేపు కూర్చోండి. కూర్చున్నంతసేపూ కళ్లు పనిచేయాలి. నీళ్ల బిందె మీద మూత ఉందా? కట్టించిన మరుగుదొడ్డిలో కట్టెలు పేర్చారా? చంటిబిడ్డ ఊయల పొయ్యి పొగలో ఉందా? ఇవి అడిగితే తెలిసేవి కావు.

బ్యాగు నేల మీద పెట్టకండి. పాత పేపరు పరిచి, దాని మీద పెట్టి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే లోపలి సామాను తీయాలి. ఎగ్జామినర్లు దీనికి మార్కులు వేస్తారు. మార్కుల సంగతి అటుంచితే, మీరు చేతులు కడుక్కోవడం ఇంట్లో పిల్లలు చూస్తారు, దాని గురించి మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

ఎలా అడగాలి

"ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా?" అంటే ప్రతి గర్భిణీ "ఆఁ" అంటుంది. ఈ ప్రశ్న మానేయండి. "మాత్రల అట్ట తే తల్లీ, ఎన్ని మిగిలినయో చూద్దాం" అనండి. ఇంకోటి, దొడ్డికి నల్లగా వస్తోందా అని అడగండి. ఐరన్ మింగేవాళ్లకు నల్లగా వస్తుంది. "లేదే, మామూలుగానే వస్తున్నది" అంటే మాత్రలు ఎక్కడున్నాయో మీకు అర్థమైపోవాలి. అప్పుడు కసరకండి, ఎందుకు మానిందో కనుక్కోండి. వాంతి వస్తోందంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకోమనండి. మాత్రలు మింగితే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని అత్త చెప్పిందంటే, మాట్లాడాల్సింది అత్తతో. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 మాత్రలు, టీతో వద్దు, కాల్షియం మాత్రతో కలిపి వద్దు. ఈ నాలుగు ముక్కలూ నోటికి రావాలి. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే మాత్రలతో కాలయాపన చేయకుండా పెద్దాసుపత్రికి పంపాలి. బీపీ 140/90 ఉన్నా అంతే, ఇంకో రోజు చూద్దాంలే అనుకోవద్దు.

తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి పోతుందని మన అందరికీ తెలుసు. పుస్తకంలో మాత్రం ఉండదు. ఏడో నెలలో ఇక్కడి లిస్టు నుంచి జారిపోతుంది, అక్కడి లిస్టుకు ఎక్కదు. ఆఖరి రెండు నెలలు, సరిగ్గా బీపీ పెరిగే కాలంలో, ఎవరి చూపులోనూ ఉండదు. అందుకే మొదటిసారి చూసినప్పుడే "కాన్పుకు ఏ ఊరు పోతవ్? మీ అమ్మోళ్ల ఊరి ఆశమ్మ ఎవరు?" అని అడిగి రాసుకోండి. ఆర్‌సీహెచ్ నంబరు (గర్భిణిగా నమోదు చేసినప్పుడు వచ్చే నంబరు) కార్డు మీద పెద్దగా రాసి ఇవ్వండి. సీమంతానికి ముందే అక్కడి ఏఎన్‌ఎంకు ఫోన్ చేసి చెప్పేయండి. ట్రైనింగ్‌లోనే ఒక్క గర్భిణినైనా ఇలా ఇటు నుంచి అటు అప్పగించి చూడండి.

బాలింత ఇంట్లో జాగ్రత్తగా ఉండాలి. కొత్త పిల్లలు పోగానే అన్నీ తప్పే అంటారు, అమ్మమ్మ మొహం మాడ్చుకుంటుంది, ఇక మీ మాట ఒక్కటీ చెల్లదు. తలకు గుడ్డ కట్టారా, వాము పెట్టారా, ఉండనివ్వండి, వాటితో నష్టం లేదు. బాలింతకు నీళ్లు తక్కువ ఇస్తున్నారా, అక్కడ పట్టుబట్టండి. బొడ్డుకు పసుపో బూడిదో పెడుతున్నారా, బిడ్డ నోట్లో తేనె రాస్తున్నారా, ముర్రుపాలు పిండి పారబోస్తున్నారా, అక్కడ అసలు వదలొద్దు. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి పోతుంది. ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఆమె వెనకే పొండి. చదువు మీకంటే తక్కువ ఉండొచ్చు గానీ, ఏ ఇంట్లో ఎవరి మాట సాగుతుందో ఆమెకు తెలిసినంత డాక్టరుకు కూడా తెలియదు. జనం ముందు ఆమె తప్పు ఎత్తిచూపకండి.

టీకాల రోజు

మన దగ్గర బుధవారం, శనివారం. సూది వేయడం ఎటూ వస్తుంది కాబట్టి మిగతావి చూసుకోండి. ఐస్‌ప్యాక్‌లు ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా క్యారియర్‌లో (టీకాలు మోసే చల్లని పెట్టెలో) పెట్టకూడదు. కాసేపు బయట పెట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు రావాలి. లేకపోతే పెంటావాలెంట్ (ఐదు రోగాలకు ఒకే టీకా), హెపటైటిస్-బి, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) గడ్డకట్టి పాడైపోతాయి. వయల్ (మందు సీసా) మీద గుర్తులో లోపలి చతురస్రం రంగు బయటి వలయం రంగుతో కలిసిపోతే ఆ మందు వాడొద్దు. బీసీజీ (క్షయ టీకా), ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) పొడిని ద్రవంలో కలిపిన వెంటనే వయల్ మీద టైము రాయండి. నాలుగు గంటలు దాటితే మిగిలింది పారేయాల్సిందే. "ఇంకొక్క బిడ్డకే కదా" అని ఎవరైనా బతిమాలినా సరే.

ఏ టీకా ఎక్కడ అన్నది నోటికి పట్టాలి. బీసీజీ ఎడమ భుజం, చర్మంలోకి. పెంటావాలెంట్ ఎడమ తొడ, కండలోకి. పీసీవీ (న్యుమోనియా టీకా) కుడి తొడ. ఎంఆర్ కుడి భుజం, చర్మం కిందికి. తొడ వాచిందని తల్లి ఫోన్ చేసినప్పుడు, ఏ తొడో అడిగితే ఏ మందు వల్లో చెప్పగలుగుతారు.

వేశాక తల్లికి నాలుగు మాటలు చెప్పాలి: ఏం వేశాం, ఏం రావొచ్చు, మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు పోగొట్టుకోవద్దు. చెప్పి, ఆమెతో తిరిగి చెప్పించుకోండి. బీసీజీ వేసిన చోట కొన్ని వారాలకు చిన్న పుండై మచ్చ పడుతుందని ముందే చెప్పకపోతే పసుపు రాసి తీసుకొస్తారు. అరగంట కూర్చోబెట్టకుండా ఎవరినీ పంపొద్దు.

లేబర్ రూమ్

రాత్రి డ్యూటీలు అడిగి వేయించుకోండి, పగలు పీజీలు, బీఎస్సీ పిల్లలు ఉంటారు, మీదాకా రాదు. పొట్ట చూసే ముందు మూత్రానికి పోయి రమ్మనడం మర్చిపోతే గర్భాశయం ఎత్తు తప్పు వస్తుంది. గర్భాశయం పైఅంచు 24 వారాలకు బొడ్డు దగ్గర, 36 వారాలకు రొమ్ము ఎముక కింద. బిడ్డ గుండె నిమిషానికి 120 నుంచి 160. మిషన్ ఉన్నా ఫీటోస్కోప్‌తో (పొట్ట మీద ఆనించి చెవితో వినే గొట్టంతో) వినడం అలవాటు చేసుకోండి, సబ్‌సెంటర్‌లో బ్యాటరీలు అయిపోతుంటాయి. కాన్పు చేసిన రోజే లాగ్‌బుక్‌లో సిస్టర్ సంతకం పెట్టించుకోండి. ఆర్నెల్ల తర్వాత అడిగితే ఆమె బదిలీ అయిపోయి ఉంటుంది.

రాత పని

నిజం చెప్పాలంటే ఉద్యోగంలో సగం రోజు ట్యాబ్‌లోనే పోతుంది. గర్భిణుల వివరాలకో యాప్, టీకాలకు యూ-విన్, బీపీ షుగర్లకు మరోటి. సిగ్నల్ ఉండదు, ఓటీపీ భర్త ఫోన్‌కు పోతుంది, ఆయన హైదరాబాద్‌లో ఉంటాడు. అందుకని చేతి పుస్తకం మానొద్దు. ఇల్లు వారీగా ఒక పేజీ పెట్టుకొని, చివర మళ్లీ ఎప్పుడు పోవాలో తేదీ రాసుకోండి. రిజిస్టర్లో ఉన్న బీపీలన్నీ 120/80 ఉన్న ట్రైనీని నేను వెంటనే ఫీల్డుకు తీసుకుపోయి అదే ఇంట్లో మళ్లీ చూపిస్తాను.

పాసయ్యాక

ఫలితాలు రాగానే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌కు అప్లై చేయండి, నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగొద్దు. తెలంగాణలో 2023లో మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు ఎంపీహెచ్‌ఏ పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్‌లో పరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు 20 దాకా పెట్టింది. కాబట్టి జీతం తక్కువని చిన్న కాంట్రాక్టు పోస్టును తోసేయకండి, చేసినన్నాళ్లకూ సర్వీసు సర్టిఫికెట్ మాత్రం తీసుకోండి.

పైకి పోవాలంటే జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) మూడేళ్లు, ఆపైన పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు. పల్లె దవాఖానల్లో, విలేజ్ క్లినిక్‌లలో ఇప్పుడు బీఎస్సీ నర్సులు ఉంటున్నారు, ఆ దారి మీకూ తెరిచే ఉంది. ఉద్యోగంలోనే ఉండిపోతే సీనియారిటీ మీద ఆరు నెలల ట్రైనింగ్‌కు పంపి సూపర్‌వైజర్‌ను చేస్తారు. నేను అలా వచ్చినదాన్నే. దానికి చాలా ఏళ్లు పడుతుంది కాబట్టి, చదివే ఓపిక ఉంటే పెళ్లికి ముందే జీఎన్‌ఎంలో చేరండి.