ప్రొబయాటిక్ క్యాప్సూల్ కొనే ముందు, వాడేటప్పుడు

మందుల షాపులో ప్రొబయాటిక్, అంటే మేలు కోసం మింగే బతికున్న సూక్ష్మజీవులు, అడిగే ముందు అది ఎందుకు కావాలో తేల్చుకోవాలి. యాంటీబయాటిక్ వాడేటప్పుడు పట్టుకునే విరేచనాలను నివారించడం స్పష్టమైన అవసరం, అందుకు కొన్ని రకాలకు మంచి ఆధారాలే ఉన్నాయి. ఏ ఇబ్బందీ లేనివారు పొట్ట బాగుండాలని నెలల తరబడి మింగితే మాత్రం దక్కే మేలుకు గట్టి ఆధారం లేదు. ఆ డబ్బు పప్పులకు, ఆకుకూరలకు ఖర్చు చేయడమే మేలని నా అభిప్రాయం.

డబ్బా మీద మొదట చూడవలసింది సూక్ష్మజీవి పూర్తి పేరు. లాక్టోబాసిల్లస్ అని మాత్రమే ఉంటే చాలదు. ప్రజాతి, జాతి పేర్ల తర్వాత రకాన్ని తెలిపే అక్షరాలో అంకెలో ఉండాలి. లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ అన్నదానిలో జీజీ అలాంటిదే. పరిశోధనలు ఆ రకం మీద జరిగాయి కాబట్టి వాటి ఫలితాలను మరో రామ్నోసస్‌కు అంటగట్టడం సరికాదు. 2020లో శాస్త్రవేత్తలు లాక్టోబాసిల్లస్ ప్రజాతిని 25 ప్రజాతులుగా విడగొట్టినందున అదే సూక్ష్మజీవి కొన్ని డబ్బాల మీద లాక్టికేసీబాసిల్లస్ అనే పేరుతో కనిపించవచ్చు.

తర్వాత చూడవలసింది సంఖ్య. బతికి ఉండి వృద్ధి చెందగల సూక్ష్మజీవులను సీఎఫ్‌యూలు అనే ప్రమాణంలో లెక్కిస్తారు. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ నిబంధనల ప్రకారం రోజువారీ మోతాదులో కనీసం 10 కోట్ల సీఎఫ్‌యూలు ఉండాలి. తయారైన రోజు లెక్క కన్నా గడువు ముగిసేనాటికి మిగిలే లెక్కను చెప్పే డబ్బానే నమ్మదగినది. సంఖ్య పెరిగినంత మాత్రాన ఫలితం పెరుగుతుందనుకోవద్దు.

ఫ్రిజ్‌లో ఉంచమని రాసి ఉన్న సరుకును మండు వేసవిలో కొరియర్ ద్వారా తెప్పించుకోవడం కన్నా, షాపులో ఫ్రిజ్ నుంచి తీసి ఇచ్చినది కొనడం మంచిది. బాసిల్లస్ క్లాసీ వంటి బ్యాక్టీరియా గట్టి పొరతో నిద్రాణంగా ఉండే బీజాల (స్పోర్ల) రూపంలో ఉంటాయి కాబట్టి వేడిని బాగా తట్టుకుంటాయి.

యాంటీబయాటిక్‌తో పాటు వాడవలసి వస్తే, బ్యాక్టీరియాతో చేసిన ప్రొబయాటిక్‌ను దానికి కనీసం రెండు గంటల ఎడంగా వేసుకోవాలి, లేకపోతే మింగినవి మింగినట్టే చచ్చిపోవచ్చు. ప్రొబయాటిక్‌గా వాడే సాకరోమైసెస్ బౌలార్డీ బ్యాక్టీరియా కాదు, ఈస్ట్ అనే ఒక రకం ఫంగస్ కాబట్టి దానికి ఆ బెడద లేదు, అయితే ఫంగస్ మందులు దాన్ని చంపుతాయి. పొడిని వేడి పాలలోనో టీలోనో కలపకూడదు. మొదటి రోజుల్లో గ్యాస్, కడుపు ఉబ్బరం కొంత మామూలే.

యాంటీబయాటిక్ కోర్సు ముగిశాక ఇంకా కొనసాగించాలా అన్న విషయంలో తొందర పనికిరాదు. 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు కొద్దిమందిపై జరిపిన అధ్యయనంలో, యాంటీబయాటిక్ తర్వాత పలు రకాల మిశ్రమాన్ని వాడినవారిలో సొంత సూక్ష్మజీవులు మునుపటి స్థితికి చేరడం, ఏమీ వాడనివారితో పోలిస్తే ఆలస్యమైంది. ఒక్క అధ్యయనంతో తీర్పు చెప్పలేము గానీ, అవసరం తీరాక ఆపడమే వివేకం.

పసిపిల్లల విరేచనాలకు ఓఆర్‌ఎస్, జింక్ ముఖ్యం. ప్రొబయాటిక్ వాటికి ప్రత్యామ్నాయం కాదు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, పెద్ద రక్తనాళంలో గొట్టం అమర్చుకున్నవారు వైద్యుణ్ణి అడగకుండా వీటి జోలికి వెళ్లకూడదు, ఎందుకంటే ఆ సూక్ష్మజీవులే రక్తంలోకి చేరి ఇన్‌ఫెక్షన్ కలిగించిన సందర్భాలున్నాయి. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో ప్రత్యేకంగా హెచ్చరించింది.

పెరుగు, మజ్జిగ, చద్దన్నం రోజూ తినదగినవే, అయితే వాటిలో ఏ రకం ఎంత ఉందో తెలియదు కాబట్టి మందుగా లెక్కించలేము. మలంలో రక్తం, తగ్గని జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే మరో ప్రొబయాటిక్ కొనకుండా వెంటనే వైద్యుణ్ణి కలవాలి.