కెమిస్ట్రీ ల్యాబ్‌లో మార్కులు ఎక్కడ పడతాయి, ఎక్కడ జారిపోతాయి

జవాబు సరిగ్గా వస్తే చాలు, మార్కులు వాటంతటవే పడతాయని ల్యాబ్‌లో చాలామంది అనుకుంటారు. దిద్దేవాళ్లు చూసేది వేరు. ఒక ప్రయోగానికి 20 మార్కులనుకుంటే ఇలా పంచడం సబబు: ముందస్తు తయారీకి 3, భద్రతకూ పనితీరుకూ కలిపి 6, రీడింగులకు 4, లెక్కకు 4, వైవాకు (నోటి ప్రశ్నలకు) 3. తుది విలువ అసలుకు దగ్గరగా ఉందా అన్నదానికి లెక్కలోని 4 మార్కుల్లో ఒకటే కేటాయించాలి. ఆ ఒక్కదాని కోసం పక్క బల్ల మీది అంకె ఎత్తి రాసి, దొరికిపోతే ప్రయోగం మొత్తానికీ సున్నా.

తయారీ అంటే మాన్యువల్‌ను నకలు చేయడం కాదు. ఉద్దేశం, మెట్ల వారీగా పద్ధతి సొంత మాటల్లో, ఖాళీ పట్టిక, వాడబోయే ఏ రసాయనంతో ఏ ప్రమాదమో ఒక్కో వాక్యం: ఒక పేజీ చాలు. పేజీ లేనివారిని బల్ల దగ్గరికి రానివ్వకపోవడమే మేలు.

భద్రతలో బేరాల్లేవు. గాగుల్స్, కాలివేళ్లు కప్పే బూట్లు, నూలు కోటు, ముడివేసిన జుట్టు. నీళ్లలోకి ఆమ్లం పోయాలి. ఆమ్లంలోకి నీళ్లు పోస్తే పుట్టే వేడికి అది మరిగి మీదికి చిమ్ముతుంది. పిపెట్‌ను (ద్రావణం కొలిచి తీసే గాజు గొట్టం) నోటితో పీల్చకూడదు, రబ్బరు బల్బు వాడాలి. సీసాలోంచి తీసినది మిగిలితే తిరిగి అందులో పోయకూడదు. మొదటి తప్పుకు 2 మార్కుల కోత, రెండోసారి ల్యాబ్ బయటికి.

పనితీరు బాగా బయటపడేది టైట్రేషన్‌లోనే, అంటే ఒక ద్రావణంలో ఇంకోదాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ గాఢత కనుక్కునే పనిలో. ఆక్సాలిక్ ఆమ్లంతో సోడియం హైడ్రాక్సైడ్ గాఢత కనుక్కోవడమే తీసుకోండి. ఆక్సాలిక్ ఆమ్లం స్ఫటికాలు 1.575 గ్రాములు తూచి, నీళ్లలో కరిగించి 250 మి.లీ. ప్రమాణ ఫ్లాస్కులో గీత వరకు నింపితే 0.0500 మోలార్ (లీటరుకు 0.0500 మోల్) ద్రావణం వస్తుంది. బ్యూరెట్‌ను (కింద బిరడా ఉన్న గీతల గాజు గొట్టం) నీళ్లతో కడిగాక అందులో పోయబోయే హైడ్రాక్సైడ్ ద్రావణంతో మరోసారి కడగాలి, లేకపోతే మిగిలిన నీటిచుక్కలు గాఢత తగ్గిస్తాయి. ఆమ్లం పోసే కోనికల్ ఫ్లాస్కుకు నీళ్లే చాలు. దాన్ని కూడా ద్రావణంతో కడిగేవాళ్లు ఎక్కువే, అక్కడే లెక్క తప్పుతుంది: పిపెట్‌తో కొలిచి పోసినదానికి ఫ్లాస్కు గోడకు అంటుకున్నది కలిసిపోతుంది.

బ్యూరెట్ ముక్కులో గాలిబుడగ ఉండిపోతే, మధ్యలో అది బయటపడినప్పుడు రీడింగు ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. నింపాక గరాటు తీసేయాలి. కంటిచూపు ద్రావణం మట్టానికి సమంగా ఉండాలి; రంగులేని ద్రావణానికి కింది వంపు, ముదురు రంగు పర్మాంగనేట్‌కు పై అంచు చూడాలి. పిపెట్ కొనలో మిగిలే ఆఖరి చుక్కను ఊదకండి, ఆ చుక్కను మినహాయించే దాని కొలత గీస్తారు. రంగు మారి సూచన ఇచ్చే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు చాలు. ఊపినా అర నిమిషం నిలిచే లేత గులాబీ రంగే అంత్యబిందువు, చర్య ముగిసిందన్న గుర్తు. ఆ తర్వాత మెల్లగా వెలిసిపోతే కంగారుపడొద్దు, అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పని. ముదురు గులాబీ వచ్చిందంటే దాటిపోయారు.

మొదటి రీడింగు రఫ్, సగటులో చేరదు. తేడా 0.1 మి.లీ. దాటని రెండు రీడింగులు వచ్చేదాకా చేయాలి. పట్టికలో 20.0 అని రాయాలి గానీ 20 అని కాదు. రాత పెన్నుతోనే, పొరబడితే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయండి. కొట్టివేతకు మార్కు పోదు, దిద్ది చెరిపినదానికి పోతుంది.

ఆమ్లం 20 మి.లీ.కి హైడ్రాక్సైడ్ 20.2 మి.లీ. పట్టిందనుకుందాం. ఒక ఆక్సాలిక్ ఆమ్లం అణువుకు రెండు హైడ్రాక్సైడ్‌లు కావాలి కనుక గాఢత 2 × 0.0500 × 20.0 ÷ 20.2, అంటే 0.0990 మోలార్. ఆ 2 మరిస్తే సరిగ్గా సగం వస్తుంది. ఏటా ఎక్కువమంది జారేది ఇక్కడే. కాలిక్యులేటర్ చూపిన 0.0990099 మొత్తం దించేస్తే అర మార్కు కోత. దిద్దేవారికో మాట: విద్యార్థి సొంత రీడింగుతోనే లెక్క సరిచూడాలి, ఒక తప్పుకు ఒక్కసారే కోయాలి.

వైవాలో అడిగేవి నిర్వచనాలు కావు, కారణాలు. పర్మాంగనేట్ టైట్రేషన్‌లో సల్ఫ్యూరిక్ ఆమ్లమే ఎందుకు? హైడ్రోక్లోరిక్ వాడితే పర్మాంగనేట్ దాన్నీ క్లోరిన్‌గా ఆక్సీకరిస్తుంది, నైట్రిక్ తనే ఆక్సీకరణి. ఫ్లాస్కులో గోధుమ రంగు మడ్డి ఎందుకొచ్చింది? ఆమ్లం చాలక మాంగనీస్ డయాక్సైడ్ ఏర్పడింది.

రికార్డు వారంలోపు ఇవ్వాలి, ఆలస్యమైతే రోజుకో మార్కు పోతుంది. బల్ల తుడవడం కూడా పనితీరు మార్కుల్లోదే. ముఖ్యంగా బ్యూరెట్‌లో హైడ్రాక్సైడ్ వదిలేసి వెళ్లకండి: గాజు బిరడా బిగుసుకుపోయి తర్వాతి బ్యాచ్‌కు తిరగదు. ఖాళీ చేసి, నీళ్లతో కడిగి, బిరడా తెరిచి, తలకిందులుగా స్టాండుకు బిగించండి.